బందరు అద్దకాన్ని కొన్నవాళ్ళు

కైకలూరులో మా మామగారు పెట్టిన బట్టల కొట్టు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మా బేరమంతా జాకెట్టు ముక్కలు, నైటీ గుడ్డ, తువ్వాళ్ళు, చేపల చెరువుల మీద పనిచేసే కుర్రాళ్ళకి లుంగీలు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి చీరలు కాస్త ఎక్కువ కదులుతాయి. కలంకారీకి అలమారులో ఒక్క అర ఇచ్చాను. ఆ అరలో సరుకు మాత్రం ఎవరిచేతా తెప్పించను. నేనే బందరు పక్కనున్న పెడన వెళ్ళి, తాను విప్పించి, చూసి తెచ్చుకుంటాను. 2022 ఏప్రిల్ దాకా మేమూ పెడనా ఒకే కృష్ణా జిల్లా. ఇప్పుడు కాగితాల మీద మాది ఏలూరు జిల్లా అయింది గానీ పెళ్ళి సంబంధాలూ, బట్టల బేరాలూ ఇంకా అటువైపే.

కలంకారీ గురించి రాసేవాళ్ళు రంగుల గురించి, పనివాళ్ళ చేతుల గురించి చాలా ముచ్చటగా రాస్తారు. తప్పులేదు. కానీ నేను కొట్టు మనిషిని. ఏ సరుకు చూసినా నాకు మొదట వచ్చే ఆలోచన, దీన్ని ఎవరు కొన్నారు, ఎప్పుడు కొనడం మానేశారు అని. బందరు అద్దకం, అంటే మచిలీపట్నం కలంకారీ, నాలుగు వందల ఏళ్ళ కథని ఆ లెక్కన చూస్తే, ఈ పనిని చంపినవాడూ కొనేవాడే, మళ్ళీ లేపినవాడూ కొనేవాడే అనిపిస్తుంది. పనివాడు ఎప్పుడూ ఉన్నాడు. అతనికి ముందుగా డబ్బిచ్చి ‘చెయ్యి, నేను తీసుకుంటాను’ అనే మనిషే అప్పుడప్పుడు లేకుండా పోయాడు.

ముందు అసలు సరుకేదో చెప్పాలి, ఎందుకంటే నా కొట్లో రోజూ వచ్చే పేచీ అదే. ‘పిన్నిగారూ, ఇదే డిజైను బయట సగానికి ఇస్తున్నారు’ అంటారు. ఇస్తారు. అది స్క్రీన్ మీద లాగిన గుడ్డ. చెక్క అచ్చుతో అద్దిన గుడ్డని వెలుతురులో పరిచి దగ్గరగా చూడండి. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు కనపడుతుంది. ఒకచోట తీగ కొస మీద రెండో అచ్చు కొస పడి ముదురుగా ఉంటుంది, ఇంకోచోట వెంట్రుకవాసి ఖాళీ మిగిలిపోతుంది. అద్దేవాడు అచ్చు వెనక పిడికిలితో పోటు వేసిన తీరుని బట్టి అదే గీత ఒక పువ్వులో లావుగా, పక్క పువ్వులో సన్నగా ఉంటుంది. ఎరుపు పువ్వు గీతలోపల కచ్చితంగా కూర్చోదు, ఒక పక్కకి జరిగి ఉంటుంది. తాను పొడుగునా ఏ రెండు పువ్వులూ అచ్చంగా ఒక్కలా లేకపోతే అది అచ్చు గుడ్డ. తిరగేసి చూస్తే ఎరుపు వెనక్కి దిగి ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొత్త గుడ్డలో కరక్కాయ వాసన.

ఆ ఎరుపు సంగతి తెలుసుకున్నాకే నాకు ఈ గుడ్డ మీద గౌరవం పెరిగింది. కోరా గుడ్డని బాగా తడిపి, ఉతికి, గంజీ జిడ్డూ పోగొట్టి, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేస్తారు. దాని మీద ఇనప తుక్కూ బెల్లమూ నీళ్ళలో మగ్గబెట్టి తీసిన ద్రావకం అద్దితే నల్లగీత అక్కడికక్కడే వస్తుంది. ఎరుపు మాత్రం అలా రాదు. ఎర్ర పువ్వు అచ్చుతో అద్దేది పటిక నీళ్ళు. ఎక్కడ అద్దామో కంటికి ఆనడానికి అందులో కాస్త రంగు కలుపుతారంతే. తరవాత గుడ్డని పారే నీళ్ళలో జాడించి, పెద్ద రాగి పాత్రల్లో వేరు రంగుతో ఉడకబెడతారు. అప్పుడు పటిక పడినచోటే ఎరుపు పట్టుకుంటుంది. నిమ్మరసంతో రాసిన ఉత్తరం దీపం దగ్గర పెడితే అక్షరాలు తేలినట్టు, పువ్వులు కాగులో పూస్తాయి. పటిక పట్టని చోట కూడా మొదట కాస్త రంగంటుకుంటుంది, ఎండలో తడుపుతూ ఆరబెడితే అది వదిలిపోతుంది.

ఒకప్పుడు ఆ వేరు చిరివేరు. మన తీరంలో ఇసకలో పండేది. 1618 నుంచి 1622 దాకా బందర్లో ఇంగ్లీషు కంపెనీ పని చూసిన విలియం మెత్‌వోల్డ్ గోల్కొండ రాజ్యం గురించి రాసినప్పుడు, పెద్దపల్లి అంటే ఇప్పటి నిజాంపట్నం వైపు దొరికే ఈ వేరు గురించి ప్రత్యేకించి చెప్పాడు. వ్యాపారి కన్ను ముందు అక్కడికే వెళ్తుంది మరి. ఆ రంగు ఉతికినకొద్దీ తేటపడేది. యూరపులో ఆ రోజుల్లో నూలు గుడ్డ మీద అంత గట్టిగా రంగు నిలబెట్టడం వాళ్ళకి చేతకాలేదు.

కొన్నవాళ్ళ వరస చూడండి. ఇరాన్ వర్తకులు యూరపువాళ్ళ కంటే ముందునుంచే ఉన్నారు. గోల్కొండ నవాబులకి బందరు సముద్రద్వారం, అక్కడినుంచి ఓడలు నేరుగా ఇరాన్ రేవులకి పోయేవి. 1606 నాటికి డచ్చివాళ్ళు బందర్లో గిడ్డంగి పెట్టారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు, 1669లో ఫ్రెంచివాళ్ళు. డచ్చివాళ్ళకి మన గుడ్డ మీద ప్రేమేం లేదు. వాళ్ళకి కావలసింది జాజికాయ, లవంగం, మిరియాలు. అవి పండే తూర్పు దీవుల జనం వెండి కంటే మన రంగు గుడ్డలు ఎక్కువ ఇష్టపడ్డారు కాబట్టి ఇక్కడ గుడ్డ కొని అక్కడ ఇచ్చి సుగంధద్రవ్యాలు తెచ్చుకున్నారు. సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుల కొలువుకి వాళ్ళ పద్ధతి అంచులతో, వాళ్ళ దేవతా మూర్తులతో మన తీరంలోనే గుడ్డలు తయారయ్యేవి. ఇరాన్‌కి సైప్రస్ చెట్టు, మెహరాబు కమాను, పక్కన పారసీ అక్షరాలు. అచ్చు చెక్కినవాడికి ఆ భాష రాకపోవచ్చు. ఆర్డరు ఇచ్చినవాడికి వచ్చుగా.

అందుకే ‘అచ్చమైన సంప్రదాయ డిజైను’ అని ఎవరైనా గట్టిగా అంటే నాకు లోపల నవ్వొస్తుంది. మన బందరు డిజైనుల్లో సగం పరాయి ఊరి ఖాతాదారు అడిగితే వేసినవే. అందులో చిన్నతనమేమీ లేదు, నా కొట్లోనూ అంతే.

ఆ ఓడల్లో కొన్ని జపాను దాకా వెళ్ళాయి. 1641 తరవాత జపాను రాజ్యం యూరపువాళ్ళలో డచ్చివాళ్ళని ఒక్కరినే, అదీ నాగసాకి దగ్గర దేజిమా అనే చిన్న లంకలో ఉండనిచ్చింది. వాళ్ళు తెచ్చిన మన దేశపు రంగు గుడ్డల్ని జపానువాళ్ళు సరసా అన్నారు. గజాల కొద్దీ కొని కట్టుకోలేదు. తేనీటి వేడుకలో వాడే పొడి డబ్బాలకి ఈ గుడ్డ ముక్కలతో సంచులు కుట్టుకుని, చిన్న పీలికైనా పారెయ్యకుండా తరతరాలు దాచుకున్నారు. తరవాత వాళ్ళే చేసుకోవడం మొదలుపెట్టారు. సాగా అనే చోట నబెషిమా ప్రభువుల ఆదరణలో చెక్క అచ్చులూ, కత్తిరించిన కాగితపు అచ్చులూ కలిపి వేసే సరసా తయారైంది. అందులో గీతకి చెక్క అచ్చు, లోపలి రంగుకి కాగితపు అచ్చు. 1871లో ఆ సంస్థానాలు రద్దయ్యాయి. కొనే ప్రభువు పోయాడు. నెమ్మదిగా ఆ పనీ పోయింది.

దాన్ని తిరిగి లేపింది సుజుతా తెరుజి అనే రంగుల కళాకారుడు. 1959 ప్రాంతంలో పాత నమూనా పుస్తకం చూసి, ఆ పద్ధతి ఏమిటో వెతుక్కుంటూ, ఏళ్ళ తరబడి చేసి చూశాడు. 1981లో ఆయన పోయాక కొడుకు షిగెతో అందుకున్నాడు. 2008లో జపాను ప్రభుత్వం ఆ కొడుకుని చెక్క అచ్చు సరసా పనికి ‘జీవించే జాతీయ సంపద’గా ప్రకటించింది. మన తీరం నుంచి ఓడెక్కిన పని ఒకటి అక్కడ చచ్చి, అక్కడే మళ్ళీ లేచిందన్నమాట. పెడనలో నేను సరుకు తెచ్చుకునే పెద్దాయనకి ఈ సంగతి చెప్పాను. ‘వాళ్ళకి ఆర్డర్లు ఎవరిస్తారమ్మా?’ అని అడిగాడు. ప్రశ్నంటే అదీ.

ఆ ప్రశ్నకి జపాను కాగితం బొమ్మల్లో ఇంకా మంచి జవాబుంది. మా చెల్లెలి కొడుకు ఒసాకాలో ఉద్యోగం చేస్తాడు. పోయినసారి వచ్చినప్పుడు మంచులో గుడి ఉన్న బొమ్మ ఒకటి తెచ్చి, ‘మనం దుప్పటి మీద అద్దింది వాళ్ళు కాగితం మీద అద్దారు, అంతే పెద్దమ్మా’ అన్నాడు. నిజానికి దగ్గరే. అక్కడా ఒక్కో రంగుకి ఒక్కో చెక్క. మనవాళ్ళు టేకు చెక్కుతారు, వాళ్ళు అడవి చెర్రీ చెట్టు పలక చెక్కుతారు. మనవాళ్ళు అచ్చుని గుడ్డ మీదికి తెచ్చి కొడతారు. వాళ్ళు రంగు పూసిన పలక మీద కాగితం పరిచి, వెదురు పట్టతో కప్పిన గుండ్రటి బిళ్ళతో వెనకనుంచి రుద్దుతారు. రంగు మీద రంగు సరిగ్గా కూర్చోడానికి వాళ్ళు పలక మూలలో గాడి కొడతారు, కాగితం అందులో ఆనుతుంది. పెడనలో అద్దేవాడికి గాడి లేదు, కన్నే ఆధారం.

అక్కడ బొమ్మ గీసేవాడు, చెక్కేవాడు, అద్దేవాడు ముగ్గురూ వేరువేరు మనుషులు. ఈ ముగ్గురికీ డబ్బు పెట్టి, సరుకు అమ్మేవాడు నాలుగోవాడు. ఫోటోలూ యంత్రాల అచ్చులూ వచ్చాక 19వ శతాబ్దం చివరికి ఈ పని పడిపోయింది. 1915 ప్రాంతంలో టోక్యోలో వతనబె షోజబురో అనే వ్యాపారి పాత నలుగురి పద్ధతినే మళ్ళీ నిలబెట్టాడు. మొదట ఒక ఆస్ట్రియా చిత్రకారుడిచేత బొమ్మలు గీయించాడు, 1918 నుంచి కవాసె హసుయిచేత వానలూ, మంచూ, రేవులూ వేయించాడు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన భూకంపం, దాని వెంట లేచిన మంటలు అతని కొట్టునీ, చెక్కిన పలకల్నీ, బొమ్మల్నీ బూడిద చేశాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. అతని బొమ్మలు ఎక్కువగా కొన్నది అమెరికా వాళ్ళు. 1930లో అక్కడి టొలీడో మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పెట్టారు. వతనబె దగ్గర మొదలై తరవాత సొంతంగా పనివాళ్ళని పెట్టుకున్న యోషిదా హిరోషి 1930, 31ల్లో మన దేశం కూడా తిరిగి, తాజ్ మహల్, అజంతా, మధుర గుడి చెక్క అచ్చుల్లో వేశాడు.

అదే కాలంలో అక్కడే ఇంకో వర్గం, గీసేదీ చెక్కేదీ అద్దేదీ ఒకడే అయితేనే కళ అన్నారు. 1904లో యమమోతో కనాయె వేసిన జాలరి బొమ్మతో అది మొదలైందంటారు. పుస్తకాలు రాసేవాళ్ళకి వీళ్ళంటే ఎక్కువ గౌరవం. ఉండనివ్వండి. వతనబె లేకపోతే ఆ చెక్కే పనివాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. నా ఓటు అతనికే.

బందరుకి అలాంటి మనిషి చాలాకాలం దొరకలేదు. ఇంగ్లాండు 1701లో, మళ్ళీ 1721లో చట్టాలు చేసి మన అద్దకం గుడ్డని తమ దేశంలో కట్టకుండా ఆపింది. ఫ్రాన్సు అంతకుముందే, 1686లో ఆపింది. అక్కడి నేతగాళ్ళ గోల అలాంటిది. ఆలోగా వాళ్ళు పటిక కిటుకు నేర్చుకుని సొంతంగా అద్దడం మొదలుపెట్టారు. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీద పడి 30,000 మంది దాకా పోయారు. ఊరు తరవాత తిరిగి ఆ పూర్వపు స్థితికి రాలేదు. 1868లో జర్మనీలో వేరు రంగుని కృత్రిమంగా తయారు చేయడం కనుక్కున్నారు. దాన్నే మనవాళ్ళు అలిజరిన్ అంటారు. చిరివేరు తవ్వేవాళ్ళ పని అంతటితో అయిపోయింది, అద్దేవాళ్ళు డబ్బా రంగుకి మారిపోయారు. మిగిలిన పెద్ద గిరాకీ ఇరాన్ ఒక్కటే. అక్కడికీ మాంచెస్టరు, రష్యా మిల్లుల అచ్చు గుడ్డ చవగ్గా చేరింది. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఆ బేరమూ చల్లబడింది. మద్రాసు ఆర్ట్స్ స్కూలు సూపరింటెండెంటు హాడవే 1917లో ఈ అద్దకం మీద బొమ్మలతో పెద్ద పుస్తకం వేశాడు. పుస్తకాల్లోకి ఎక్కే సమయానికి చాలా పనుల సంగతి ఇంతే.

తిరిగి లేపింది ప్రభుత్వపు కొనుగోళ్ళే. 1952లో ఏర్పడ్డ అఖిల భారత హస్తకళల బోర్డుని ఏళ్ళపాటు నడిపిన కమలాదేవి చట్టోపాధ్యాయ పనివాళ్ళని వెతికి పట్టుకోవడంతో ఆగలేదు. పట్నాల్లో ఎంపోరియాలు నడిపించి, సరుకుకి వాకిలి చూపించింది. కాళహస్తిలో కలంతో వేసే పనికి 1950ల చివర్లో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ పటాలూ, దేవుళ్ళ కథలూ. ఇక్కడ మన వైపు అచ్చు పని, పక్క దుప్పట్లు, తెరలు, తరవాత చీరలు. మనకి ప్రభుత్వ హస్తకళల లేపాక్షి షాపులు వచ్చాయి. 1982లో లండన్‌లో భారత ఉత్సవాలకి వస్త్రకళా నిపుణుడు మార్తాండ్ సింగ్ పాత మ్యూజియం ముక్కల్ని చూపించి కొత్తగా వేయించాడు, ‘ఇంత పనితనం ఇంకా ఉందా’ అని చూసినవాళ్ళు ఆశ్చర్యపోయేలా. ఈలోగా పని బందరు పేరుతోనే పెడనకి సర్దుకుంది. పెడన ఎటూ మగ్గాల ఊరు, పక్కనే కాలువ.

కాలువ సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఈ పనికి రంగెంత ముఖ్యమో పారే నీళ్ళూ అంతే. అద్దిన గుడ్డని నిలవ నీళ్ళలో ముంచితే వదిలిన రంగు మళ్ళీ గుడ్డకే అంటుకుంటుంది, మరకలు పడతాయి. పారే నీళ్ళైతే మోసుకుపోతాయి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలువలే మా వరి పండించాయి, వీళ్ళ గుడ్డలు జాడించాయి. వేసవిలో కాలువ కట్టేస్తే బోరు నీళ్ళే దిక్కు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఆ నీళ్ళు ఉప్పన. కొల్లేటి వైపు చెరువుల నీళ్ళ సంగతి అడక్కండి, మా ఇంట్లో తెల్ల చొక్కా ఉతకడమే కష్టం.

ఇప్పుడు మళ్ళీ గిరాకీ ఉంది. చెరువుల మీద నాలుగు డబ్బులు చూసినవాళ్ళు అమెరికాలో ఉన్న కూతుళ్ళకి పంపడానికి కలంకారీ చీరలే అడుగుతారు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ ఆ గిరాకీలో ఎక్కువ పాలు స్క్రీన్ గుడ్డకి పోతోంది. అచ్చు డిజైనునే ఫోటో తీసి స్క్రీన్ చేస్తారు, అతుకుల్తో సహా! ఒకసారి ఒక హోల్‌సేల్ వ్యాపారి ‘హ్యాండ్ బ్లాక్’ అని బిల్లు రాసి నాకు అలాంటి కట్టే పంపాడు. తాను విప్పి చూస్తే అతుకు దగ్గర తప్పు కూడా ప్రతి అతుకులోనూ ఒకేచోట, ఒకేలా ఉంది. వెనక్కి తీసుకోమంటే ఎవరికి తెలుస్తుందండీ అన్నాడు.

ఈ అద్దకం కథలో ఎవరూ తలవనివాడు అచ్చు చెక్కేవాడు. టేకు పలకని నున్నగా చేసి, తెల్లగా పూసి, కాగితం మీది బొమ్మని దాని మీదికి దింపుతాడు. గీత నిలబడాలి, చుట్టూ ఉన్న కర్ర పోవాలి. చిన్న సుత్తితో చిన్న చిన్న ఉలుల్ని తడుతూ వెళ్తాడు, పెద్ద దెబ్బలుండవు. సన్నటి నరాల ఆకు చెక్కేటప్పుడు ఊపిరి బిగబట్టి కనపడతాడు. ఒక్క నరం విరిగితే ఆ పలక పొయ్యిలోకే. పూర్తయ్యాక నూనెలో నానబెడతారు, తడికి వంగకుండా. ఒక డిజైనుకి ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు, అంచుకి వేరే, మూలకి వేరే. ఒకసారి చెక్కితే ఏళ్ళు పనిచేస్తాయి కాబట్టి అతన్ని మళ్ళీ పిలవాలంటే కొత్త డిజైను అడిగేవాడు రావాలి. ఎంపోరియంవాళ్ళూ, డిజైనర్లూ ఆ పని కొంత చేశారు. మాలాంటి చిన్న కొట్లవాళ్ళం మాత్రం ఎప్పుడూ అల్మారా మీదున్న పాత అచ్చుల్లోనే ఎంచుకుంటాం. ఇంకోపక్క హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు పాత అచ్చుల్నే కొని, హాల్లో గోడకి తగిలించుకుంటున్నారు. వాళ్ళిచ్చే ధర అద్దకం మీద వారానికి రాదు, అమ్మేవాణ్ణి ఏమంటాం!

పెడన పెద్దాయన్ని అడిగాను, ‘బాబాయిగారూ, కొల్లేటి పక్షులు అచ్చు చెక్కిద్దామా, ఆటపాక దగ్గర పెలికాన్లున్నాయి కదా, అవి?’ అని. ఆయన లెక్క వేశాడు. గీతకి ఒకటి, ముక్కుకీ కాళ్ళకీ రంగు ఒకటి, నీళ్ళ చాళ్ళు ఒకటి, అంచు. ‘అచ్చుల డబ్బు నువ్వు పెట్టుకోవాలమ్మా, గుడ్డ అమ్మినా అమ్మకపోయినా’ అన్నాడు. న్యాయమే. నాలుగు వందల ఏళ్ళ కింద డచ్చివాడికీ ఇదే చెప్పి ఉంటారు. జాకెట్టు ముక్కలు, నాలుగు చీరలు అనుకుని సగం అడ్వాన్సు ఇచ్చాను. చెక్కేవాడి చేతిలో ఇప్పుడు బెంగుళూరు వాళ్ళ ఆర్డరుందట, అది కాగానే మనది పట్టుకుంటాడు. అద్దకం మాత్రం జూన్‌లో కాలువలు వదిలాకే.